మిథ్యాదర్శనముచే సత్యబోధ

అనుభవమైనగాని తత్త్వము బోధపడదని మనవారొక సామెత చెప్పుదురు. ఈ సామెతయందు సత్యమున్నది. దానితోపాటు కొంత కాఠిన్యమును ఉన్నది. నిప్పు కాల్చునని తెలిసికొనుటకు బిడ్డ యొకమారు వ్రేలు చురుక్కుమనిపించుకొనిన చాలును. వ్రేలు నాలుగు దినములలో మానును. తెలివి జన్మమంతయు నిలుచును. కాని కొన్ని విషయములలో అనుభవము గురువు కాదు, శత్రువు. అట్టిచోట అనుభవించి తెలిసికొన్నవాడు ఆ తెలివిని వినియోగించుకొనుటకు మిగులడు. మిగిలినను మునుపటివాడుగా మిగులడు. ఆటలో తలకు తగిలెడు దెబ్బ అట్టివానిలో నొకటి. దానిని అనుభవముచే తెలిసికొమ్మని బిడ్డలకు చెప్పజాలము. మాటలచే చెప్పినను వారికి పట్టుటలేదు. ఇక వేరొక త్రోవ యున్నదా?

ఉన్నదని కొందరందురు. అమెరికా మొదలగు దేశములలో విద్యార్థులకు ఈ విషయమును వర్చువల్ రియాలిటీ అనబడు సాధనముచే బోధించు ప్రయత్నములు ఇటీవల జరుగుచున్నవి. విద్యార్థి కన్నులు పూర్తిగా కప్పునట్టి యొక పరికరమును తలకు తగిలించుకొనును. అతని ముందున్న గది మాయమై ఆటస్థలము కనబడును. తల కుడికి త్రిప్పిన కుడివైపు దృశ్యము, పైకెత్తిన ఆకాశము కనబడును. తాను బల్లపై కూర్చున్నానని తెలిసియు మైదానమున నిలిచినట్లు అతనికి తోచును. 1968లో ఐవాన్ సదర్లండ్ అను శాస్త్రజ్ఞుడు తలకు తగిలించుకొనునట్టి చిత్రదర్శక యంత్రమును నిర్మించినప్పటినుండి నేటివరకు ఈ విద్య క్రమముగా పెరిగినది. దీనిని మన భాషలో మిథ్యాదర్శనమనిన చాలును.

దీనినిగూర్చి నాకు మూడు ప్రశ్నలు తోచినవి. లేనిదానిని చూపి ఉన్నదానిని నేర్పవచ్చునా? అట్లు నేర్చినది నిజముగా ఆ వస్తువునేనా, లేక దాని నీడనా? నేర్చినవాడు ఆ ప్రకారము నడచుకొనునా? యంత్రము క్రొత్తది, ప్రశ్నలు మాత్రము ప్రాతవి. కావున వీనిని యంత్రములు చేయువారికి మాత్రమే వదలివేయుట తగదు. బిడ్డలున్న ప్రతి గృహస్థుడును, ప్రతి గృహిణియు విచారింపవలసినవి.

ముందుగా ఆ దెబ్బ యెట్టిదో చూతము. వైద్యులు దీనిని కంకషన్ అందురు. మెదడు కపాలములో బిగించిన వస్తువు కాదు. అది మెత్తనిది, చుట్టునున్న ద్రవములో తేలుచుండును. తలకుగాని, తల విసురుగా ఊగునట్లు దేహమునకుగాని బలమైన తాకుడు కలిగినపుడు కపాలము చప్పున నిలిచినను లోని మెదడు కదలుచునే యుండును, మెలిపడును. అందలి సన్నని నాడీతంతువులు సాగును. నాడీకణములలోని పొటాసియము వెలుపలికి పోవును. వెలుపలి కాల్షియము లోనికి చొచ్చును. ఈ తారుమారును సవరించుకొనుటకు మెదడునకు అధికమైన శక్తి కావలసివచ్చును. సరిగా ఆ సమయముననే దానికి చేరు రక్తము తగ్గును. రాబడి తగ్గిన నెలలోనే వ్యయము పెరిగిన సంసారమువలె మెదడు కొన్నాళ్ళు ఇక్కట్లు పడును. తలనొప్పి, తల తిరుగుట, వికారము, వెలుతురును చప్పుడును సహింపలేకుండుట, మఱపు, చదివినది మనసున నిలువకుండుట, నిద్రలో మార్పు, కారణములేని కోపము లేక దుఃఖము, ఇవి దాని లక్షణములు.

దెబ్బ తగిలినవాడు మూర్ఛపోవునని లోకులనుకొందురు. అది పొరపాటు. నూటికి తొంబదిమందికి పైగా స్పృహ తప్పరు. శిరస్త్రాణమున్న భయములేదని మఱికొందరనుకొందురు. అదియు పొరపాటే. అది కపాలము పగులకుండ కాపాడును. లోపల మెదడు కదలకుండ పట్టియుంచలేదు. సాధారణమైన ఛాయాచిత్రములలో ఈ గాయము తరచుగా కనబడదు. నెత్తురు లేదు, వాపు లేదు, కట్టు లేదు. కాలు విరిగినవానికి వీధిలో నలుగురు త్రోవ యిత్తురు. మెదడు అదరిన బాలుడు మాత్రము మఱునాడు బడికి పోయి, లెక్క తప్పుచేసి, సోమరియని తిట్లు తినును.

ఇక్కడనే ఈ గాయముయొక్క విశేషమున్నది. దీనికి సాక్షి యొక్కడే, దెబ్బ తిన్నవాడు. అతడు చెప్పినగాని ఇతరులకు తెలియుట కష్టము. కాని ఆ చెప్పవలసిన తెలివియే గాయపడియున్నది. తనకేమైనదో తెలిసికొనవలసిన మెదడు, తానే తబ్బిబ్బులో నున్నది. దొంగలు పడిన యింట కావలివాడే మొదట దెబ్బతిన్నట్లు! అందుచే ఆ బాలుని మాటపైననే సమస్తమును విడిచిపెట్టరాదు. అతని మాటను త్రోసిపుచ్చనురాదు.

గోరుచుట్టుపై రోకటిపోటని మనమందుము. కంకషన్ విషయమున ఆ సామెత కేవలము అలంకారము కాదు. మొదటి దెబ్బనుండి మెదడు తేరుకొనకముందే రెండవది తగిలినచో, అది చిన్నదైనను, ఒక్కొక్కప్పుడు మెదడు పొంగి ప్రాణమునకే ముప్పు వచ్చును. ఇది అరుదు; కాని వచ్చినపుడు ఎక్కువగా చిన్నవయస్సువారికే వచ్చును. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున జాకరీ లిస్టెడ్ అను పదుమూడేండ్ల బాలుడు ఫుట్‌బాల్ ఆటలో తలకు దెబ్బ తిని, కొంతసేపు కూర్చుండి, మరల ఆటలో దిగెను. ఆ దేశపు ఫుట్‌బాల్ మన కాలిబంతి కాదు. ఒకరినొకరు ఢీకొని పడవేయునట్టి ఆట. ఆట ముగియగానే ఆ బాలుడు కుప్పకూలెను. కపాలము తెరచి శస్త్రచికిత్స చేయవలసివచ్చెను. ప్రాణము దక్కినది. కాని మాటాడుటకు నెలలు, నిలుచుటకు ఏండ్లు పట్టెను. ఆతని పేర 2009లో ఆ రాష్ట్రమున ఒక చట్టము పుట్టినది: దెబ్బ తగిలినదని అనుమానము కలిగిన విద్యార్థిని వెంటనే ఆటనుండి తొలగింపవలెననియు, తగిన వైద్యుని వ్రాతపూర్వకమైన అనుమతి లేక మరల దింపరాదనియు. 2014 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రములును ఈ విషయమున చట్టములు చేసికొన్నవి.

మఱి పిల్లలు దెబ్బను చెప్పుకొనరేల? 2004లో ప్రకటితమైన యొక పరిశోధనలో విస్కాన్సిన్ రాష్ట్రపు పాఠశాలలలో ఫుట్‌బాల్ ఆడు 1,532 మంది బాలురను ప్రశ్నించిరి. ఆ ఋతువులో కంకషన్ తగిలినవారిలో సగముకంటె తక్కువమంది, అనగా నూటికి 47 మంది, మాత్రమే దానిని ఎవరికైన చెప్పిరి. చెప్పనివారు చూపిన కారణములు మూడు ముఖ్యమైనవి. అది అంత పెద్దదనుకొనలేదని అధికసంఖ్యాకులు చెప్పిరి. ఆటనుండి తీసివేయుదురని భయపడినామని కొందరు చెప్పిరి. అది కంకషనని తెలియదని మఱికొందరు చెప్పిరి. ఈ మూడింటిలో మొదటిది మూడవది అజ్ఞానము, బోధచే పోగొట్టవచ్చును. రెండవది అజ్ఞానము కాదు. అది లోకవ్యవహారము నెఱిగినవాని లెక్క.

ఈ భేదమును స్పష్టముగా చూపునది కెనడా దేశపు రోవాన్ స్ట్రింగర్ కథ. ఒంటారియో రాష్ట్రములోని ఒటావా నగరమున ఈ బాలిక తన పాఠశాల రగ్బీ జట్టుకు నాయకురాలు. వయస్సు పదునేడేండ్లు. 2013 మే నెలలో వారము దినములలోపల ఆమె తలకు పలుమారులు దెబ్బలు తగిలినవి. చివరి దెబ్బతో మైదానమున పడిపోయి మరల లేవలేదు. నాలుగు దినములకు ఆస్పత్రిలో మరణించెను. 2015లో జరిగిన మరణవిచారణలో హృదయము కలచు సంగతి యొకటి బయటపడినది. తన తలనొప్పినిగూర్చి ఆమె స్నేహితురాండ్రతో ముచ్చటించియుండెను. తనకు తగిలినది కంకషన్ కావచ్చునని అనుమానించి చేతిలోని ఫోనులో ఆ విషయమును వెదకియు చూచెను. తల్లిదండ్రులకు చెప్పలేదు; శిక్షకునకును చెప్పలేదు. ఆడుటకు పోయెను.

చదువరులు ఇక్కడ కొంచెము నిలువవలెను. ఈ బిడ్డ ఎఱుగక చనిపోలేదు. మూఢురాలు కాదు, అలక్ష్యముగలది కాదు. పేరు తెలిసినది, లక్షణములు తెలిసినవి, అనుమానమును కలిగినది. జ్ఞానము చేతిలోనే యున్నది, కార్యము జరుగలేదు. జ్ఞానమునకును కార్యమునకును నడుమ నేదో యొక వాగు అడ్డముగా పారుచున్నది. మన బోధనలన్నియు ఈవలి గట్టుననే నిలిచి కేకలు వేయుచున్నవి. మిథ్యాదర్శనము ఆ వాగునకు వంతెన కాగలదా యనునదే మనము తేల్చుకొనవలసినది.

మొదటి ప్రశ్నకు వత్తము. లేనిదానివలన ఉన్నది తెలియునా? మన వేదాంతులు ఈ ప్రశ్నను ఏనాడో వేసికొనిరి. నిద్రించుచున్న ఏనుగునకు కలలో సింహము కనబడిన దృష్టాంతము పండితులకు తెలిసినదే. సింహము లేదు, కాని దానిని చూచి ఏనుగు మేల్కొన్న మాట నిజము. త్రాడు పామై కనబడినపుడు పాము అబద్ధమైనను గుండెదడ అబద్ధము కాదు. కావున మిథ్య సత్యమైన ఫలము నీయజాలదనుట పొసగదు. ఇంత దూరమును పోనక్కరలేదు. మన నాటకశాలలే సాక్ష్యము. బాలికలను ముసలివాండ్రకు అమ్ముట పాపమని ఎన్ని ఉపన్యాసములు విన్నను చలింపనివారు రంగస్థలమున ఆ బేరము జరుగుచుండగా చూచి సిగ్గుపడిరి. గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చువేయించిన కన్యాశుల్కములోని మనుష్యులెవరును భూమిపై పుట్టలేదు. ఐనను వారివలన భూమిపై నున్నవారు సిగ్గు నేర్చుకొనిరి. కల్పన అబద్ధము కాదు. ఉన్నదానిని ఉన్నట్లు చూచుటకు కొంతదూరమున నిలుపు సాధనము.

ఈ విషయమున టీచ్‌ఎయిడ్స్ అను లాభాపేక్షలేని సంస్థ పని మనము తెలిసికొనదగినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధన మూలముగా పియా సొర్కార్ అను విదుషి దీనిని స్థాపించెను. మొదట వారు పూనుకొన్నది ఎయిడ్స్ వ్యాధినిగూర్చిన బోధ. బడులలో ఆ మాట ఎత్తుటకే ఉపాధ్యాయులు సిగ్గుపడుచుండగా, బొమ్మలచే, మర్యాదగల మాటలచే దానిని చెప్పు పాఠములను పలుభాషలలో చేసిరి. తెలుగునను చేసిరి, మనవారెఱిగిన నటులు అందు గొంతులిచ్చిరి. తరువాత 2018లో ఆ సంస్థయే కంకషన్‌నుగూర్చి క్రాష్‌కోర్స్ అను బోధను వెలువరించినది. అందు చూచువాడు ప్రేక్షకుడై కూర్చుండడు. పాఠశాల ఫుట్‌బాల్ ఆటగాని స్థానమున నిలిచి, దెబ్బ తగిలిన పిమ్మట ఏమి చేయవలెనో తానే నిర్ణయింపవలెను. మెదడు లోపలికి ప్రవేశించి తిరిగి చూచునట్లు మిథ్యాదర్శనమునుకూడ ఆ బోధలో చేర్చిరి.

ఈ రెండు పనులను ప్రక్కప్రక్కన నుంచి చూచినపుడు నాకొక సంగతి తోచినది. రెండింటను పోరాటము సిగ్గుతోనే. మొదటిచోట, ఉపాధ్యాయుని సిగ్గు బోధకు అడ్డుపడినది. రెండవచోట, బిడ్డ సిగ్గు మాటకు అడ్డుపడుచున్నది. తలనొప్పిగా నున్నదని చెప్పిన పిరికివాడందురేమో, జట్టునకు ద్రోహము చేసినట్లగునేమో యను సిగ్గు. రోగములను వెదకు వైద్యునికంటె సిగ్గును వెదకు గురువు ఇక్కడ ముఖ్యము.

ఇక రెండవ ప్రశ్న. మిథ్యాదర్శనమున నేర్చునది ఆ బాధనేనా? ఇక్కడ నేను సందేహించుచున్నాను. చూపు మసకబారినట్లు, చెవులలో హోరు పుట్టినట్లు, దీపములు కన్నులు పొడిచినట్లు యంత్రము చూపగలదు. కాని పది నిమిషములైన పిమ్మట విద్యార్థి దానిని తీసి బల్లపై పెట్టి ఫలాహారమునకు పోవును. నిజముగా దెబ్బ తిన్నవాడు తీసి పెట్టుటకు వీలులేదు. రేపు తగ్గునో తగ్గదో యను చింత, పుస్తకము తెరచిన అక్షరములు ఈదాడుట, స్నేహితులు మెల్లగా దూరమగుట, నటించుచున్నాడని ఇంటివారే అనుమానించుట, ఇవి యంత్రమున కెక్కవు. బాధలో సగము దాని కాలపరిమాణముననే యున్నది. కాలమును యంత్రము అనుకరింపజాలదు.

దీనివలన రెండు ప్రమాదములున్నవి. ఒకటి, ఇంతేకదా, నేను ఓర్చుకొంటినని బాలుడు గర్వించుట. రెండవది, దెబ్బ తిన్నవారిని ఎందులకును పనికిరానివారినిగా జాలితో చూచుట. ఈ రెండవది వట్టి ఊహ కాదు. కన్నులకు గంతలు కట్టించి అంధుల స్థితిని అనుభవింపజేసిన యొక పరిశోధన 2014లో వెలువడినది. గంతలు కట్టుకొన్నవారు తరువాత అంధులు పనిచేయుటకును స్వతంత్రముగా బ్రతుకుటకును తక్కువ సమర్థులని తలచిరట. కారణము స్పష్టమే. వారు చూచినది అంధత్వముయొక్క మొదటి క్షణము. అంధుల జీవితము కాదు. మన అజ్ఞానమునకు అనుభవమను పేరు పెట్టుకొనుట మునుపటి అజ్ఞానముకంటె చెడ్డది.

యంత్రముయొక్క దోషమును కూడ చెప్పవలెను. కన్ను కదలుచున్నానని చెప్పుచుండగా చెవిలోని సమతూకపు అవయవము కదలుటలేదని చెప్పును. ఈ తగవులో కొందరికి వికారము, తలనొప్పి కలుగును. ఇటీవల తల దెబ్బతిన్న బిడ్డకు ఇవియే బాధలు. వానికి దీనిని తగిలించుట పుండుమీద కారము చల్లుట. తరగతిలో నెవరు దెబ్బతినియున్నారో, ఎవరికిది సరిపడదో ముందుగా అడుగవలెను. వలదన్నవానిని బలవంతపెట్టరాదు, ఎగతాళి చేయనురాదు. తన దేహమున కేది సరిపడదో చెప్పు ధైర్యమును నేర్పుటకేకదా యీ పాఠము!

భయపెట్టుటయే బోధ యనుకొనుట మఱియొక పొరపాటు. బిడ్డలు ఆటలు మానవలెనని ఎవరును కోరరు. ఆటలు లేని బాల్యము గాలిరాని గదివంటిది. తగిన జాగ్రత్త తీసికొనిన విద్యార్థులలో పెక్కుమంది నెలలోపల స్వస్థులగుదురు. పూర్వము ఈ దెబ్బ తిన్నవారిని చీకటిగదిలో పండబెట్టుచుండిరి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూడిన నిపుణులు ఆ పద్ధతిని సమ్మతింపలేదు. మొదటి ఒకటి రెండు దినములు మితమైన విశ్రాంతి, పిమ్మట బాధ మిక్కుటము కానంత మేర నడక మొదలగు తేలిక పనులు, క్రమక్రమముగా చదువు, చివరకు వైద్యుని అనుమతిపై ఆట అని వారు చెప్పిరి. భయముతో నిండిన పాఠము ఈ ఆశను చెప్పదు. ఆశ లేనిచోట బిడ్డ దెబ్బను మరింత దాచును. ఏలయన, చెప్పిన ఆట శాశ్వతముగా పోవుననుకొనును.

అట్లయిన ఈ సాధనమును త్రోసివేయవలెనా? అక్కరలేదు. దానిని బాధను చూపుటకు కాక, నిర్ణయమును అభ్యసించుటకు వినియోగింపవలెనని నా మతము. సాముచేయువాడు కత్తిదెబ్బ యెట్లుండునో తెలిసికొనుటకు గరిడీకి పోడు. కత్తి వచ్చినపుడు చేయి తానుగా లేచుటకు పోవును. అట్లే ఈ విద్యార్థికి అభ్యాసము కావలసినది తలనొప్పియందు కాదు, ఒక మాటయందు. "అయ్యా, నా తల బాగుగాలేదు, నేను ఆడను" అను మాట. వ్రాసిన నాలుగు ముక్కలే! కాని ఆట చివరి గడియలలో, జనము కేకలు వేయుచుండగా, స్నేహితులు భుజము తట్టుచుండగా ఆ మాట నోట వచ్చుట ఎంత కష్టమో అక్కడ నిలిచినవానికే తెలియును. పుస్తకము ఆ మాటను చెప్పగలదు. ఆ కేకలను వినిపింపలేదు. మిథ్యాదర్శనము వినిపింపగలదు. అక్కడ నిలిచి, తడబడి, ఒకమారు తప్పుచేసి, దాని ఫలమును చూచి, ప్రాణనష్టములేక మరల మొదటినుండి ఆరంభింపవచ్చును. ఇదియే దాని సాటిలేని గుణము. జీవితము రోవాన్‌కు మరల మొదటినుండి ఆరంభించు అవకాశమీయలేదు.

మఱియు విద్యార్థిని దెబ్బ తిన్నవాని స్థానమున మాత్రమే నిలిపిన చాలదు. ప్రక్కనున్న స్నేహితుని స్థానమున నిలుపవలెను. ఆ బాలిక స్నేహితురాండ్రతో చెప్పినది. వారును పిల్లలే; తప్పు వారిది కాదు. ఇట్టి మాట విన్నపుడు ఏమి చేయవలెనో వారికెవరును నేర్పలేదు. స్నేహితుని రహస్యమును పెద్దలకు చెప్పుట ద్రోహమని మనమందరమును చిన్ననాడు నేర్చితిమి. ఏ రహస్యమును దాచుట స్నేహమో, దేనిని దాచుట ద్రోహమో వివేచించుట చిన్న విద్య కాదు. పెద్దలే తప్పుచుందురు. అట్టి వివేకమును పిల్లలు అభ్యసించుటకు కల్పితమైన మైదానము తగిన చోటు. శిక్షకుని స్థానమునను, తల్లి స్థానమునను నిలిపిన మరింత మంచిది. ఈ అభ్యాసమునకు యంత్రమే కావలెనని లేదు. కొనలేని బడులలో పిల్లలే వేషములు వేసికొని ఆడి చూపవచ్చును. చింతచెట్టు క్రింద జరిగినను పాఠము పాఠమే.

ఇక మూడవ ప్రశ్న. నేర్చినవాడు నడచుకొనునా? ఇది అతనిపై మాత్రమే ఆధారపడలేదు. బిడ్డకు సత్యము పలుకుట నేర్పి, ఆ సత్యమునకు వెల మాత్రము తగ్గింపకున్న మన నీతిబోధ అన్యాయమగును. చెప్పినవాడు జట్టులో చోటు పోగొట్టుకొని, దాచినవాడు వీరుడని చప్పట్లు అందుకొనునట్టి లోకమున, దాచవద్దని పదునేడేండ్ల బిడ్డకు బోధించుట పెద్దల బరువును చిన్నవారి నెత్తిపై పెట్టుట.

క్రికెట్టు ఆటయందు జరిగిన మార్పు దీనికి మంచి ఉదాహరణము. మునుపు టెస్టు ఆటలో తలకు దెబ్బ తగిలినవాడు తొలగినచో జట్టునకు ఒక బ్యాటుగాడు తక్కువగుచుండెను. అందుచే తొలగుట స్వార్థమనియు, నిలుచుట త్యాగమనియు తోచుచుండెను. 2019 ఆగస్టు 1వ తేదీనుండి అంతర్జాతీయ క్రికెట్ మండలి నియమమును మార్చినది. కంకషన్ తగిలినవాని స్థానమున అట్టి ఆటగానినే మఱియొకనిని దింపవచ్చును. ఆ నెలలోనే లార్డ్స్ మైదానమున స్టీవ్ స్మిత్‌కు జోఫ్రా ఆర్చర్ విసరిన బంతి మెడకు తగులగా, తరువాత అతని స్థానమున మార్నస్ లబుషేన్ దిగెను. ఆటగాండ్ర హృదయములు ఒక్క రాత్రిలో మారలేదు. సత్యము చెప్పినవాని జట్టు నష్టపడకుండ నియమము మారినది. సద్గుణము సులభమగునట్లు లోకమును సర్దుటయు నీతిబోధలో భాగమే.

కాని నియమము మాత్రమే చాలునా? మన సంస్కరణచరిత్రయే బదులు చెప్పును. వితంతువుల వివాహము న్యాయసమ్మతమని 1856లోనే చట్టమైనది. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపించినది 1881లో. నడుమ ఇరువదియైదేండ్లు చట్టము పుస్తకమున నిద్రించెను. మేల్కొలుపుటకు బోధ, ధైర్యము, పది కుటుంబముల ఆదరణ కావలసివచ్చినవి. చట్టము లేని బోధ నిస్సహాయము. బోధ లేని చట్టము నిర్జీవము. కెనడావారు ఈ రెండింటిని జతపరచుటకు యత్నించిరి. రోవాన్ మరణవిచారణలో జూరీవారు 49 సూచనలు చేసిరి. 2018లో ఒంటారియో శాసనసభ ఆమె పేరనే చట్టము చేసినది. ఆటగాండ్రు, చిన్నవారైనచో వారి తల్లిదండ్రులు, శిక్షకులు ప్రతి సంవత్సరమును కంకషన్ విషయమును చదివి తెలిసికొనవలెనని అందు విధించిరి. ఆ చదువవలసినదానిని మిథ్యాదర్శనము రక్తికట్టింపగలిగిన సంతోషమే. కాని చదివితిమని చేవ్రాలు పెట్టించుకొని పెట్టెలో దాచినంతమాత్రమున బిడ్డ రక్షింపబడదు.

చివరకు మాట మన యిండ్లకే వచ్చును. అభిమన్యుడు పద్మవ్యూహమున ప్రవేశించి మరలలేకపోయిన కథను మనము కన్నీటితో చెప్పుదుము. కాని ఆ బాలునకు బయటికివచ్చు త్రోవ నేర్పక లోనికి పంపిన పెద్దల విషయము తలచుట తక్కువ. మన యిండ్లలో మగబిడ్డ పడి యేడ్చిన, మగవాడవై యేడ్చెదవాయని నవ్వుదుము. ఆడబిడ్డ పడిన, నిన్నెవరు పరుగెత్తుమన్నారని తిట్టుదుము. రెండింటివలనను బిడ్డ నేర్చునది యొకటే: దెబ్బను దాచవలెనని. సైకిలుపైనుండి పడినవాడు, చెడుగుడులో తల నేలకు కొట్టుకొన్నవాడు తిట్లకు వెఱచి నోరు మూసికొని పడుకొనిన యిండ్లు ఎన్ని లేవు! ఆ యిండ్లలో ఏ యంత్రము తగిలించినను ప్రయోజనము తక్కువ. మైదానమున పలుకవలసిన మాట మొదట వంటయింటి గడపలో పలికి చూచుకొన్నదై యుండవలెను.

కావున బిడ్డ పడి వచ్చినపుడు, ఎట్లు పడితివని గద్దించుటకు ముందు, తల యెట్లున్నదని అడుగుదము. వాంతి యైనను, మాట తడబడినను, తలనొప్పి హెచ్చుచున్నను, మగత క్రమ్మినను జాగుచేయక వైద్యుని యొద్దకు తీసికొనిపోదము. ఒక పందెము పోయిన మఱియొకటి వచ్చునని వాని యెదుట పదిమారులు అందము. ఆ మాట మన నోటినుండి విననివానికి మైదానమున అది తోచదు. క్రొత్త యంత్రములు వచ్చునుగాక, బడులలో వానిని తెలివితో వాడుదురుగాక. ఐనను నాకు నొప్పిగా నున్నదని చెప్పిన బిడ్డను నమ్ముట ఏ యంత్రమును మనకు మారుగా చేయలేని పని.